ధ్వనివర్ధకములు: నాడును, నేడును

ఇంటిలో పాట వినుచున్నప్పుడు పాడినవారి కంఠమును మెచ్చుకొందుము. స్వరము కూర్చినవారి నేర్పును కొనియాడుదుము. ఆ కంఠమును మన చెవుల దాక చేర్చిన పెట్టెను గూర్చి తలపోయువారు మిక్కిలి తక్కువ. గ్రామఫోను రికార్డుపై నడచు ముల్లు పుట్టించు విద్యుత్తు ఒక వోల్టులో వేయింట నాలుగైదు వంతులు మాత్రమే. అంతటి అల్పశక్తి స్పీకరులోని కాగితపు గరాటును కదలింపజాలదు. దానిని వేలకొలది రెట్లు పెంచి, రూపము చెడకుండ స్పీకరునకు అందించు సాధనమే ధ్వనివర్ధకము. వాడుకలో దీనిని ఆంప్లిఫైయరు అందురు. కుడి యెడమల కొక్కొక్కటి చొప్పున రెండు వర్ధకములు కూడినచో అది స్టీరియో ఆంప్లిఫైయరు.

ఈ పెట్టెల విషయమై సంగీతప్రియులలో నేడొక వివాదము నడచుచున్నది. పాత యంత్రములలోని మాధుర్యము క్రొత్తవానికి లేదని ఒక పక్షము. అది వట్టి భ్రమ యనియు, నేటి అరచేతి పలక నాటి పది కిలోల పెట్టెకంటె మేలనియు మరియొక పక్షము. మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, 1982 మొదలు 2018 వరకు ముప్పదియారు సంవత్సరములు గుమాస్తా పని చేసి విశ్రమించిన వారము. అయినను ఈ వివాదము మా యింటిలోనికే వచ్చి కూర్చుండుటచే, జమాఖర్చులు సరిచూచిన అలవాటు కొలది దీనిని గూడ సరిచూడవలసి వచ్చినది.

సంగతి యిట్టిది. మా చిన్నాయన హిందూపురము నుండి 1962లో బెంగుళూరు చేరి, జాలహళ్లి ప్రాంతమున ఒక కర్మాగారములో పనిచేసిరి. ఆయన స్వహస్తములతో రెండు వాల్వు ఆంప్లిఫైయరులు కట్టిరి. ఒకటి 1965లో, రెండవది 1971లో. మొదటిది ఒంటి స్పీకరు కొరకు. రెండవది దానికి జత చేర్చి స్టీరియో వినుట కొరకు. సంతానము లేనివారగుటచే 2021లో ఆయన గతించిన పిమ్మట అవి మాకు సంక్రమించినవి. కొంతకాలమునకు ఒక సేకరణకర్త వచ్చి జతకు నలువదియైదు వేల రూపాయలు ఇత్తుననెను. "ఇచ్చివేయుడు నాయనా, మూడున్నర వేలకు ఇంతకంటె మంచిది తెత్తును" అని మా కుమారుడనెను. ఇంటావిడ ఏమియు ననలేదు. చిన్నాయన ధ్వనికి సాటి లేదని మేము నలుబది యేండ్లుగా పదిమందితో చెప్పుకొనుచుంటిమి. ఆ మాట నిజమా, అభిమానమా? ఇది తేలనిదే అమ్ముటకు గాని, ఉంచుకొనుటకు గాని మాకు మనసొప్పలేదు.

ముందు చరిత్ర చూతము. 1904లో ఫ్లెమింగ్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు రెండు ధ్రువముల వాల్వును నిర్మించెను. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానికి మూడవ ధ్రువమును చేర్చెను. గాలి తీసిన గాజు బుడ్డిలో ఎఱ్ఱగ కాలిన తీగె నుండి వెలువడు ఎలక్ట్రానుల ప్రవాహమును, నడుమ నున్న జల్లెడ వంటి తీగెపై స్వల్పమైన వోల్టేజి పెట్టి హెచ్చించుట, తగ్గించుట సాధ్యమైనది. కాలువ తూమునకు చిన్న తలుపు బిగించి పెద్ద ప్రవాహమును అదుపు చేయుట వంటిదే యిది. 1927లో హెరాల్డ్ బ్లాక్ అను నింజనీరు, వర్ధకము నుండి వెలువడిన ధ్వనిలో కొంత భాగమును తిరిగి మొదటికి పంపి మూలముతో సరిపోల్చి తప్పులు దిద్దు పద్ధతిని కనిపెట్టెను. చిత్తుప్రతితో శుద్ధప్రతిని సరిచూచుట వంటి ఈ యుపాయము లేనిదే నాణ్యమైన ఆంప్లిఫైయరు లేదు.

స్టీరియో సిద్ధాంతమునకు మూలపురుషుడు ఇంగ్లండునకు చెందిన ఆలన్ బ్లమ్లీన్. 1931 డిసెంబరులో ఆయన దాని పేటెంటునకు దరఖాస్తు చేసెను. ఒకే గాడిలో రెండు ధ్వనులను చెక్కు విధానము గూడ అందు కలదు. 1942లో రాడారు పరీక్షకై విమానమున వెళ్లి ప్రమాదములో మరణించుటచే తన కల్పన లోకమున వ్యాపించుట ఆయన చూడలేదు. స్టీరియో రికార్డులు పెద్దయెత్తున అంగళ్లకు వచ్చినది 1958లో.

ఈ లోపల వర్ధకము పరిపక్వమైనది. 1945లో లీక్ అను ఆంగ్ల సంస్థ, వికారము వేయింట ఒక వంతునకు మించని ఆంప్లిఫైయరును తెచ్చెను. 1947లో విలియమ్సన్ తన నిర్మాణక్రమమును వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ప్రకటింపగా, ప్రపంచమంతట అభిరుచి గలవారు దానిని చూచి కట్టుకొనిరి. 1953లో క్వాడ్ సంస్థ వారి రెండవ నమూనా వచ్చెను. 1954లో మల్లార్డ్ సంస్థ 'ఐదు-పది' యను నమూనాను వెలువరించెను. ఐదు వాల్వులతో పది వాట్లు అని ఆ పేరునకు అర్థము. మా చిన్నాయన అనుసరించినది దీనినే.

బెంగుళూరున ఇట్టి పని చేయుటకు అనువైన కాలమది. మైసూరు రోడ్డులోని రెమ్కో వారు రేడియోలు తయారు చేయుచుండిరి. 1948లో టెలిఫోను కర్మాగారమును, 1954లో జాలహళ్లిలో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయు నెలకొన్నవి. భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1961లో రేడియో వాల్వులను, 1962లో జెర్మేనియము ట్రాన్సిస్టరులను ఉత్పత్తి చేయుట ఆరంభించిరి. 1955లో బెంగుళూరు ఆకాశవాణి కేంద్రము వెలసెను. సాయంకాలమున మద్రాసును, రాత్రివేళ గురగురల నడుమ విజయవాడను పట్టుకొని వినుచుండిన తెలుగిండ్లు ఈ నగరమున ఎన్నియో యుండెడివి. సదర్ పత్రప్ప రోడ్డు, అనగా నేటి మన ఎస్.పి. రోడ్డు, అంగళ్లలో ట్రాన్స్‌ఫార్మరులు, కండెన్సరులు, రేకు పెట్టెలు దొరకుచుండెను. జీతము తక్కువైనను చేతిలో నేర్పున్న వాడు రెండు మూడు నెలలలో ఒక యంత్రము సమకూర్చుకొనగలిగెను.

ఇక ట్రాన్సిస్టరు కథ. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటన్, షాక్లీ యను మువ్వురి కృషి వలన అది పుట్టెను. 1956లో వారికి నోబెల్ బహుమానము లభించెను. గాజు బుడ్డి లేదు. కాలు తీగె లేదు. వేడెక్కువరకు వేచియుండు పని లేదు. బరువైన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు అక్కర లేదు. ఇన్ని సుగుణములున్నను మొదటి తరము ట్రాన్సిస్టరు ఆంప్లిఫైయరులు చెడ్డపేరు తెచ్చుకొన్నవి. అది అకారణము కాదు. జెర్మేనియము వేడిని సహింపదు. అంతకంటె ముఖ్యమైన దోషము మరియొకటి. ధ్వనితరంగము యొక్క పై సగమును ఒక ట్రాన్సిస్టరు, క్రింది సగమును మరియొకటి మోయును. ఒకరి చేతినుండి యొకరి చేతికి బిందె మారునపుడు కొంచెము తొణికినట్లు, ఆ సంధిలో ధ్వని చెడును. గట్టిగా మ్రోగునప్పటికంటె మెల్లగా మ్రోగునపుడే యీ లోపము స్పష్టముగ వినబడును. ఆలాపన సన్నగిల్లు చోట, వీణతీగె నాదము అణగుచోట గీరినట్లుండును. పాతకాలపు రసికులు ట్రాన్సిస్టరు ధ్వనిని నిరసించిరన్నచో వారి చెవులు తప్పు చెప్పలేదు.

ఇచట సంగీతశాస్త్రము కొంత ప్రస్తావింపవలెను. ఏ యంత్రమైనను ధ్వనిని వికారపరచునపుడు మూలమున లేని పైస్వరములను చేర్చును. షడ్జము సెకనుకు 240 కంపనములన్నచో, రెండింతలైన 480 తారషడ్జము. మూడింతలైన 720 దానిపై పంచమము. ఐదింతలైన 1200 అంతరగాంధారము. ఇవి శ్రుతితో కలిసిపోవును. ఏడింతలైన 1680 మన స్వరస్థానములలో సరిగా కుదురదు. ఆపైన బేసి సంఖ్యలలో మరికొన్ని ఇట్టివే కలవు. ఒంటి వాల్వుతో పనిచేయు పాత రేడియోలు చేర్చు వికారము ముఖ్యముగ రెండింతలది. అందుచే అది తప్పుగా గాక నిండుదనముగా తోచును. ఆది ట్రాన్సిస్టరుల సంధిదోషము చేర్చునవి మీది బేసి స్వరములు. అవి చెవిని గుచ్చును. నూటికి ఒక వంతు వికారము ఒకచో తేనెగాను, మరియొకచో ఇసుకగాను ఉండుటకు కారణమిదే.

పైస్వరముల మహిమను మన వాద్యములలో పరిశోధించిన వారు సర్ సి.వి. రామన్. బాల్యమున విశాఖపట్టణములో చదివి, 1933లో బెంగుళూరు వచ్చి, 1970లో ఇచటనే కన్నుమూసిన ఆ మహనీయుడు అంతకు పూర్వము కలకత్తాలో నున్నప్పుడే, 1920 ప్రాంతమున, మృదంగమును గూర్చియు, వీణ తంబురలను గూర్చియు పరిశోధించెను. తంబుర గుఱ్ఱముపై తీగెక్రింద నుంచు దారపుపోగు వలన పైస్వరములు విరివిగా పుట్టునని మన వాద్యకారులు ఎన్నడో ఎరిగిన విషయమే ఆయన శాస్త్రరీతిని వివరించెను. తంబురకు జీవము పోయుట వాద్యకారుని పని. ఆంప్లిఫైయరు తనంత తాను జీవము పోయుటకు పూనుకొన్నచో అది పాడినవాని పాటను దిద్దుట యగును. ఆ దిద్దుబాటు మనకు ఇంపుగా నుండవచ్చును. కాని అది యథార్థము కాదు.

ట్రాన్సిస్టరుల లోపము శాశ్వతము కాలేదు. జెర్మేనియమునకు బదులు సిలికాను వచ్చెను. సంధిదోషమును అణచు ఉపాయములు కుదిరెను. 1967లో క్వాడ్ వారి 303 సంఖ్య గల ట్రాన్సిస్టరు నమూనా, 1975లో 405 సంఖ్య గల మరియొక నమూనా వెలువడెను. 1978లో జేమ్స్ మోయిర్ అను నింజనీరు ఒక పరీక్ష జరిపెను. 1953 నాటి వాల్వు క్వాడ్‌ను, ఈ రెండు ట్రాన్సిస్టరు క్వాడ్‌లను మరుగున నుంచి, ధ్వనిస్థాయి సమము చేసి, అనుభవజ్ఞులైన శ్రోతలకు వినిపించెను. ఏది యేదియో వారు పోల్చలేకపోయిరి. ఫలితము వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ప్రకటితమైనది. దీనిని బట్టి తేలునది యేమనగా, మంచి వాల్వు యంత్రమును, మంచి ట్రాన్సిస్టరు యంత్రమును, రెండును తమ శక్తికి లోబడి పనిచేయునపుడు, ఒకే గమ్యమును చేరినవి. చెడ్డవి మాత్రము దేని దారి దానిదే.

మన దేశమున స్టీరియో వినియోగము ఆలస్యముగ వ్యాపించెను. విదేశీ యంత్రముల దిగుమతిపై కట్టుబాట్లుండుటచే 1991 వరకు అవి గల్ఫు దేశముల నుండి వచ్చిన బంధువుల సామానులోనో, చాటుమాటు అంగళ్లలోనో కనబడునవి. దేశీయములలో బొంబాయి కాస్మిక్, 1970లో కలకత్తాలో స్థాపితమైన సోనోడైన్, ఫిలిప్స్ మొదలగునవి పేరొందినవి. అవి కొనలేని మా వంటివారికి ఎస్.పి. రోడ్డే దిక్కు. 2ఎన్3055 ట్రాన్సిస్టరులతోను, తరువాత ఎల్.ఎ.4440 వంటి సమీకృత చిప్పులతోను మెకానిక్కులు పెట్టెలు కట్టి యిచ్చెడివారు. వానిలో మంచివి యుండెను. ట్రాన్స్‌ఫార్మరు చిన్నదై మ్రోతకు తాళలేనివియు నుండెను.

1990లలో వాట్ల సంఖ్యపై ఒక మాయ బయలుదేరినది. అరచేతి పెట్టెపై 'పి.ఎం.పి.ఓ. 2000 వాట్లు' అని అచ్చువేసి అమ్మిరి. అది క్షణకాలము కాగితముపై మాత్రమే కనబడు శక్తి. ఇట్టి మోసమును అరికట్టుటకే అమెరికా ప్రభుత్వ వాణిజ్యసంఘము 1974లో, ఇంటి ఆంప్లిఫైయరుల శక్తిని నిలకడగా నిచ్చు వాట్లలోనే ప్రకటింపవలెనని నిబంధన చేసెను. పాఠకులు ఒక లెక్క జ్ఞాపకముంచుకొందురు గాక: చెవికి ధ్వని రెట్టింపైనట్లు తోచవలెనన్నచో శక్తి సుమారు పదింతలు కావలెను. కనుక ఇరువది వాట్లకును నలువది వాట్లకును చెవికి తోచు భేదము స్వల్పము. సాధారణమైన హాలులో మాటలాడుకొనుచు పాట వినుటకు వ్యయమగునది ఒకటి రెండు వాట్లే. 1978లో వచ్చిన నాడ్ 3020 యను ఆంప్లిఫైయరు ఇరువది వాట్లదే యైనను, తక్కువ వెలకు మంచి ధ్వని యిచ్చునదిగ లోకమంతట పేరుపొందెను.

మా సొంత తప్పిదము నొకటి దాచక చెప్పవలెను. 2009లో ఒక అంగడిలో జపాను దేశపు 1970ల నాటి స్టీరియో ఆంప్లిఫైయరు మా కంట బడెను. వెండివన్నె ముఖము, బరువైన మీటలు, చిన్న దీపముల వెలుగులో ఆడు సూదులు, మనసు నిలువలేదు. పదునాలుగు వేలిచ్చి తెచ్చితిమి. మూడు నెలలలో ఎడమ ప్రక్క మూగబోయెను. విప్పి చూడగా లోపలి అసలు ట్రాన్సిస్టరులు ఎన్నడో మారినవి. పేరు మాత్రము అచ్చుగ్రుద్దిన నకిలీలు అచట నుండెను. వెనుకవైపు చూచుకొనగా అది జపానులోని 100 వోల్టులకై చేయబడినది. మన 230 వోల్టులకు తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు నాసిరకముది. మరమ్మతుకు ఆరువేలు వదలినవి. మేము కొన్నది ధ్వనిని గాదు, ముఖమును. ఈ సంగతి ఇంటావిడకు ఆనాడే తెలియును. మాకు ఆరువేలు వదలిన పిదప తెలిసెను.

నేటి యంత్రము మూడవ జాతిది. దీనిని క్లాస్ డి యందురు. పాత పద్ధతిలో ట్రాన్సిస్టరు సగము తెరచిన కొళాయి వలె పనిచేయును. ఆ ఒరిపిడిలో శక్తి వేడిగ మారి పోవును. క్రొత్త పద్ధతిలో అది పూర్తిగ తెరచుటయో, పూర్తిగ మూయుటయో తప్ప నడిమి స్థితి లేదు. సెకనుకు నాలుగు లక్షలసార్లు, అంతకు మించియు, తెరచుచు మూయుచు, తెరచియుంచు కాలమును ధ్వనిని బట్టి హెచ్చుతగ్గులు చేయును. చివర నొక తీగెచుట్టయు కండెన్సరును ఆ తునకలను వడగట్టి అసలు తరంగమును మిగుల్చును. అందుచే గ్రహించిన విద్యుత్తులో నూటికి తొంబది వంతుల వరకు స్పీకరునకు చేరగలదు. చిన్నాయన యంత్రములలోని నాలుగు ఇ.ఎల్.84 వాల్వుల తీగెలు ఎఱ్ఱబడుటకే, పాట మొదలు కాకమునుపే, పందొమ్మిది వాట్లు కావలెను.

ఇక మా యింటి పరీక్ష. కుమారుడు ఎస్.పి. రోడ్డు నుండి పదునాలుగు వందల రూపాయల పలకయు, దానికి తగిన విద్యుత్తు పెట్టెయు, పై డబ్బాయు కలిపి మూడు వేల నాలుగు వందలకు సమకూర్చెను. దుప్పటి మాటున రెండు యంత్రములను ఉంచి, ఒకే స్పీకరుల జతను ఒక స్విచ్చితో అటు నిటు మార్చు ఏర్పాటు చేసితిమి. భారము లేక నడిచినచో వాల్వు యంత్రపు ట్రాన్స్‌ఫార్మరు చెడును గనుక, స్పీకరు తొలగిన వేళ దానికి బదులొక రెసిస్టెన్సు తగులునట్లు చూచితిమి. ఒక వీణ కచేరియు, ఘంటసాల వారి పాత పాటలును వినుటకు ఎన్నుకొంటిమి.

మొదటి దినమున పదిసార్లలో ఏడుసార్లు చిన్నాయన యంత్రమే బాగున్నదని మేమంటిమి. మా సంతోషమునకు మేర లేదు. కుమారుడు మీటరు పెట్టి చూచెను. వాల్వు యంత్రము నూటికి ఇరువది వంతులు ఎక్కువ వోల్టులిచ్చుచుండెను. ధ్వని లేశమాత్రము హెచ్చైనను చెవి దానిని 'హెచ్చు' అని గుర్తింపదు. 'మేలు' అని తలంచును. బేరగాండ్రు ఎరిగిన రహస్యమిదే. మరునాడు రెంటిని సమము చేసి ఇరువదిసార్లు వింటిమి. ఏది యేదియో చెప్పుటలో మేము పదునొకండుసార్లు, ఇంటావిడ తొమ్మిదిసార్లు, పొరుగింటి మిత్రుడు పదిసార్లు ఒప్పు చెప్పితిమి. రూపాయి బిళ్ల ఎగురవేసినను అంతే వచ్చును. పాటకును పాటకును నడుమ వినబడు సన్నని హమ్ము మాత్రము వాల్వు యంత్రమును పట్టియిచ్చుచుండెను. అది గుణము కాదు గదా!

మరి రెండు సత్యములు గూడ అపుడు తెలిసినవి. కుమారుడు ఒంటి స్వరములను హెచ్చించుచు వినిపింపగా, సెకనుకు తొమ్మిది వేల కంపనములకు పైన మాకేమియు వినబడలేదు. అతనికి పదునారు వేల వరకు వినబడెను. అరువది దాటిన చెవి తానే పాత యంత్రము. రెండవది, ఘంటసాల వారి 1950ల నాటి పాటలు ఒంటిధ్వని రికార్డులు. రెండు స్పీకరులనుండి వచ్చునది ఒకే ధ్వని. మేము ఎంతో మెచ్చుకొన్న ఆ 'స్టీరియో విశాలత' ఆ పాటలలో లేనేలేదు. మా తలపులోనే యున్నది.

ఆ రాత్రి మాకు సరిగా నిద్రపట్టలేదు. చిన్నాయన యెడ అపచారము చేసితిమేమో యని తోచెను. తెల్లవారినంతనే ఖర్చుపద్దు వ్రాసితిమి. నాలుగు వాల్వులకు ఏడువేల రూపాయలు. దినమునకు మూడు గంటల వాడుకపై అయిదు వేల గంటలు వచ్చునని ఎంచిన, నాలుగున్నర యేండ్లు. ఏటికి సుమారు 1530 రూపాయలు. విద్యుత్తు క్రొత్తదానికంటె నూరు వాట్లు ఎక్కువని ఎంచిన, ఏటికి 110 యూనిట్లు. యూనిటు ఏడు రూపాయల లెక్కన 770. మొత్తము 2300. అనగా పాతదానిని ఏడాదిన్నర పోషించు వ్యయముతో క్రొత్తది యావత్తు కొనవచ్చును.

అయితే పద్దునకు రెండవ ప్రక్క గూడ కలదు. ఆ క్రొత్త పలక రెండేండ్లు నిండకమునుపే ఒక ఉరుముల రాత్రి మూగబోయెను. దాని చిప్పు గోరంత. కాళ్లు వెండ్రుకల వంటివి. బాగుచేయు కూలి క్రొత్తదాని వెలకంటె ఎక్కువ. పారవేసి మరియొకటి తెచ్చితిమి. చిన్నాయన యంత్రములో ఎండిపోయిన కండెన్సరులు మార్చవలసి వచ్చినపుడు మాత్రము, ఆయన వ్రాసియుంచిన నోటుపుస్తకము దొరకెను. ప్రతి వాల్వు ప్రతి కాలివద్ద ఎన్ని వోల్టులుండవలెనో, ఏ తేదీన ఎన్ని యున్నవో, 1965 మొదలు పట్టికలు గీచి యుండెను. ఆ పుస్తకము ప్రక్కన పెట్టుకొని ఒక వృద్ధ మెకానిక్కు రెండు గంటలలో పని ముగించెను. కండెన్సరులకును కూలికిని కలిపి 2200 రూపాయలు. అర్ధశతాబ్దము దాటిన యంత్రము మరల పలికెను. క్రొత్తదానికి ఈ భాగ్యము లేదు.

ఇంత తెలిసిన పిమ్మట పాఠకులకు మేము విన్నవించునది కొలదిమాటలే. ఇంటిలో పాట వినుటకు క్రొత్తగా కొనదలచినవారు నేటి యంత్రమునే కొనుడు. ధ్వనికిని, వెలకును అదే న్యాయము. మిగిలిన సొమ్ము మంచి స్పీకరులపై వెచ్చింపుడు; ఆంప్లిఫైయరుల నడుమ భేదము వెంట్రుకవాసియైనచో, స్పీకరుల నడుమ భేదము మూరెడు. పాతది కొనదలచినవారు వోల్టేజి యెంతయో, లోపలి భాగములు అసలువో కావో, బాగుచేయువాడు ఊరిలో ఉన్నాడో లేడో తెలిసికొనకుండ ముఖము చూచి కొనకుడు. సరిపోల్చి చూడదలచినవారు ధ్వనిస్థాయి సమము చేయక తీర్పు చెప్పకుడు. ఇంటిలో పెద్దలు మిగిల్చిన యంత్రమున్నవారు దానిని తూకమునకు వేయకుడు. ఏండ్ల తరబడి మూలబడిన దానిని ఒక్కమారుగ మీట నొక్కి నడపకుడు. మెకానిక్కుచే కండెన్సరులు చూపించిన పిదపనే నడపుడు.

మా నిర్ణయము గూడ చెప్పి ముగింతుము. నలువదియైదు వేలు మాకు చిన్న సొమ్ము కాదు; పింఛనుదారునకు అది రెండు నెలల గ్రాసము. అయినను అమ్మలేదు. దానిలో లేని మాధుర్యమును ఉన్నదని చెప్పుట మాత్రము మానితిమి. దినదినము ఇంటిలో పాడునది అరచేతి పలకయే. ఉగాదినాడును, చిన్నాయన తిథినాడు భోజనములైన పిదపను వాల్వులు వెలిగింతుము. అవి వేడెక్కుటకు పట్టు అర నిముషము ఇంటిల్లిపాది మాటలాపి చూచుచుందురు.

1961లో వాల్వులు చేసిన ఈ నగరమున 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ చిప్పుల రూపకల్పన కేంద్రమును తెరచెను. మా యింటిలోని క్రొత్త పలకపై నున్న చిప్పు ఆ సంస్థ పేరు గలదే. వాల్వుల ఉత్పత్తి ఇచట ఏనాడో నిలిచిపోయినది. నాడు జాలహళ్లిలో చేసిన వాల్వులను నేడు విదేశములలో సైతము సేకరణకర్తలు వెదకి కొనుచున్నారు. ఆనాటి కర్మాగారములలో పనిచేసి, ఇండ్లలో ఇట్టి యంత్రములు కట్టుకొన్న తెలుగువారు ఇంకను కొందరు మన నడుమ నున్నారు. వారి పెట్టెలకంటె వారి నోటుపుస్తకములు విలువైనవి. అవి చెదలపాలు కాకమునుపు మన సంఘమువారు సేకరించి భద్రపరచినచో, ఈ వ్యాసము వ్రాసిన శ్రమ ఫలించినదని సంతసింతుము. ఇందలి లోపములను విజ్ఞులు మన్నింతురు గాక.